గడ్డం వారు, బియర్డ్ వారు

పెద్దపల్లి లోక్‌సభ స్థానంలో 2024లో గెలిచింది గడ్డం వంశీకృష్ణ. కాకాగా పేరుబడ్డ ఆయన తాత గడ్డం వెంకటస్వామి 2004లో ఇక్కడి ఎంపీ. ఇంగ్లండులోనూ ‘గడ్డం’ వారున్నారు: బియర్డ్. 1066లో దండెత్తి వచ్చిన నార్మన్లు నున్నగా గీసుకునేవాళ్లు. వాళ్ల కాలంలో గడ్డం పెంచినవాడు పదిమందిలో ఇట్టే కనబడేవాడు. అలా పెట్టిన ఎగతాళి పేరే వంశానికి అంటుకుంది. అయితే డెర్బీషైర్‌లో బియర్డ్ అనే ఊరూ ఉంది. కొన్ని కుటుంబాల పేరు అక్కణ్నుంచి వచ్చిందే, గడ్డంతో దానికి పనే లేదు! మనలోనూ ఊళ్ల పేర్లే ఇంటిపేర్లైనవి బోలెడు. కాబట్టి నిఘంటువు చూసి ఇంటిపేరుకు అర్థం చెప్పేయకండి. ముందు మీ పెద్దలను పాత ఊరేదో అడగండి.