ప్రెస్క్ ఐల్: ఏటా ఇసుక పోస్తేనే నిలిచే పార్క్.. ఈరీ సరస్సు ఒడ్డున 200 ఏళ్ల కథ

పిట్స్‌బర్గ్‌లో వెంకన్న దర్శనం చేసుకుని అటునుంచి నయాగరాకు కారులో బయల్దేరే తెలుగు కుటుంబాలు అమెరికాలో చాలానే ఉంటాయి. ఐ-79 హైవే మీద రెండు గంటలకు పైగా ప్రయాణిస్తే ఈరీ నగరం వస్తుంది. ఎక్కువమంది అక్కడ పెట్రోల్ కొట్టించుకుని, ఐ-90 ఎక్కి ముందుకెళ్లిపోతారు. కానీ ఆ ఊరి పక్కనే, సరస్సులోకి కొడవలిలా వంగిన ఇసుక నేల మీద పెన్సిల్వేనియాలో ఎక్కువమంది వెళ్లే స్టేట్ పార్కుల్లో ఒకటి ఉంది. పేరు ప్రెస్క్ ఐల్. ఏటా సుమారు 40 లక్షల మంది వస్తుంటారు. ఎంట్రీ ఫ్రీ.

ప్రెస్క్ ఐల్ అంటే ఫ్రెంచ్‌లో 'దాదాపు ద్వీపం' అని అర్థం. మూడు వైపులా నీళ్లు, ఒకవైపు మాత్రం సన్నటి మెడలాంటి భూమి. విస్తీర్ణం సుమారు 3,200 ఎకరాలు. కాకినాడకు హోప్ ఐలాండ్ ఎలాగో ఈరీకి ఇది అలాగ. సరస్సులో తుఫాను లేచినా వెనకున్న ఈరీ హార్బర్ మీద దాని జోరు పడకుండా ఈ ఇసుక దిబ్బే అడ్డుకుంటుంది.

అసలు పెన్సిల్వేనియాకు ఈ తీరం ఎలా వచ్చింది?

నిజానికి మొదట్లో ఇది ఆ రాష్ట్రానిది కాదు. 1753లో ఫ్రెంచ్ వాళ్లు ఇక్కడ కోట కట్టారు. స్వాతంత్ర్యం తర్వాత మ్యాప్ చూసుకుంటే పెన్సిల్వేనియాకు ఈరీ సరస్సు మీద చెప్పుకోదగ్గ రేవే లేదు. దాంతో 1792లో 'ఈరీ ట్రయాంగిల్' అనే రెండు లక్షల ఎకరాల ముక్కను ఫెడరల్ ప్రభుత్వం నుంచి సుమారు లక్షన్నర డాలర్లకు కొనుక్కుంది. అంటే ఎకరా డాలర్ కూడా పడలేదన్నమాట.

ఆ బేరం విలువేంటో 20 ఏళ్లకే తెలిసొచ్చింది. 1812లో బ్రిటన్‌తో యుద్ధం మొదలైంది. సరస్సు మీద బ్రిటిష్ వాళ్లదే పైచేయి. 28 ఏళ్లు కూడా నిండని ఆలివర్ హజార్డ్ పెర్రీకి నౌకాదళాన్ని తయారుచేసే పని అప్పగించారు. ప్రెస్క్ ఐల్ చాటున ఉన్న బేలో ఓడలు కట్టారు. బే ముఖద్వారం దగ్గర ఇసుక మేట ఉండటంతో బ్రిటిష్ ఓడలు లోపలికి రాలేకపోయాయి. అయితే అదే మేట పెర్రీకీ తలనొప్పైంది. తను కట్టిన పెద్ద ఓడలు బయటికి వెళ్లాలంటే నీళ్ల లోతు చాలదు. చివరికి ఫిరంగులన్నీ దింపేసి, ఓడలకు రెండు పక్కలా పెద్ద చెక్క తొట్లు కట్టి, వాటితో ఓడను పైకి తేల్చి దాటించారు.

1813 సెప్టెంబర్ 10న జరిగిన పోరులో పెర్రీ ఉన్న 'లారెన్స్' ఓడ తీవ్రంగా దెబ్బతింది. ఆయన చిన్న పడవలో 'నయాగరా' అనే మరో ఓడకు వెళ్లి యుద్ధం కొనసాగించాడు. ఆరు బ్రిటిష్ ఓడలూ లొంగిపోయాయి. పెర్రీ దళంలోని తొమ్మిది ఓడల్లో ఆరు ఇక్కడ కట్టినవే.

గెలిచి తిరిగొచ్చిన నావికులకు మాత్రం ఆ చలికాలం నరకమే చూపించింది. మశూచి సోకి చాలామంది చనిపోయారు. వాళ్లు గడిపిన చోటికి 'మిజరీ బే' అనే పేరు పడింది. శవాలను వదిలారని చెప్పే పక్క మడుగు 'గ్రేవ్‌యార్డ్ పాండ్'. ఇప్పుడు అదే మిజరీ బే ఒడ్డున పెర్రీ స్మారక స్తంభం ఉంది, నీళ్లలో జనం కయాక్‌లు నడుపుతుంటారు. 1873 నుంచి వెలుగుతున్న లైట్‌హౌస్‌ కూడా పార్కులోనే ఉంది. దాని కాపలాదారు పడవ దగ్గరకు నడిచిన దారి ఇవాళ్టికీ నడక దారే. 1921లో ఈ ప్రాంతమంతా స్టేట్ పార్క్ అయింది.

ఇసుక ఎందుకు పోయాలి?

ఇదే అసలు సంగతి. ఇక్కడ గాలి, అలలు ఎక్కువగా పడమర నుంచి తూర్పుకు వస్తాయి. మెడ దగ్గరి ఇసుకను కోసుకుంటూ తూర్పు కొసన ఉన్న గల్ పాయింట్‌లో పోస్తాయి. అంటే వదిలేస్తే దిబ్బ మొత్తం మెల్లగా జరిగిపోతూ ఉంటుంది. 19వ శతాబ్దంలో మెడ తెగిపోయి ఇది నిజంగానే ద్వీపంగా మారిన సందర్భాలున్నాయి. ఒకప్పుడు దిబ్బ కదిలినా పట్టించుకునేవారు లేరు. ఇప్పుడు దాని మీద రోడ్డు, బీచ్‌లు ఉన్నాయి, దాని చాటున ఒక నగరం ఉంది. అందుకే కదలనివ్వడం లేదు.

1950ల నుంచే పెద్దఎత్తున ఇసుక పోస్తున్నారు. 1992 నాటికి తీరానికి కాస్త ఎడంగా నీళ్లలో 55 రాతి అడ్డుకట్టలు పూర్తిచేశారు. అలల జోరు తగ్గింది కానీ కోత ఆగలేదు. దాంతో ఇప్పటికీ లారీలతో ఇసుక తెచ్చి పోయాల్సిందే. ఆ ఖర్చును ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్, రాష్ట్రం పంచుకుంటాయి. నిధులు ఆలస్యమైతే బీచ్ సన్నబడుతుంది. ఉప్పాడ తీరంలో గోడ కట్టినా, రాళ్లు వేసినా సముద్రం ఏం చేస్తుందో చూసినవాళ్లకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

ఒడ్డున కొత్తగా పడ్డ ఇసుక నుంచి లోపలికి నడిస్తే గడ్డి, పొదలు, మడుగులు, ఆ తర్వాత ముదురు అడవి వరుసగా కనిపిస్తాయి. నేల వయసు పెరిగేకొద్దీ మొక్కలెలా మారతాయో ఒక్క నడకలో చూడొచ్చు. ఇక్కడ 320కి పైగా పక్షి జాతులు నమోదయ్యాయి. 2017లో పైపింగ్ ప్లోవర్ అనే చిన్న పక్షి గల్ పాయింట్‌లో గూడు పెట్టింది. పెన్సిల్వేనియాలో అలా జరగడం 60 ఏళ్లలో అదే మొదటిసారి. ఏప్రిల్ 1 నుంచి నవంబర్ 30 వరకు అక్కడ కొంత భాగంలోకి ఎవర్నీ వెళ్లనివ్వరు.

వెళ్లాలనుకునేవారు ఇవి గమనించాలి

సైకిల్, నడక కోసం పార్క్ చుట్టూ 13 మైళ్లకు పైగా తారు దారి ఉంది. కయాక్, కనూలకు బయటి సరస్సు కంటే లోపలి మడుగులే హాయి. తాబేళ్లు, కొంగలు దగ్గర్నుంచి కనిపిస్తాయి. చేపలు పట్టాలంటే పెన్సిల్వేనియా లైసెన్స్ ఉండాలి. చలికాలంలో బే గట్టిగా గడ్డకడితే మంచుకు రంధ్రం చేసి గాలం వేసేవాళ్లు వస్తారు. అయితే మంచు మందం చూసుకోకుండా అడుగు పెట్టకూడదు. సాయంత్రమైతే కైట్‌లు, ఫొటోల కోసం సన్‌సెట్ పాయింట్‌కు వెళ్లొచ్చు.

ఈత విషయంలో మాత్రం జాగ్రత్త. సరస్సే కదా అని తేలిగ్గా తీసుకుంటారు చాలామంది. ఈరీ సగటు లోతు 62 అడుగులే. గ్రేట్ లేక్స్‌లో ఇదే తక్కువ. లోతు తక్కువ కాబట్టే గాలి తిరిగితే నిమిషాల్లో పెద్ద అలలు లేస్తాయి. రాతి కట్టల దగ్గర నీటి లాగుడు ఉంటుంది, వాటి మీదికి ఎక్కడం, ఈదుతూ వెళ్లడం ప్రమాదం. మే చివరి వారం నుంచి సెప్టెంబర్ మొదటి సోమవారం వరకు, లైఫ్‌గార్డులు ఉన్న బీచ్‌ల్లో, వాళ్లు డ్యూటీలో ఉన్నప్పుడే నీళ్లలోకి దిగాలి. పెద్ద వాన పడ్డాక నీళ్లలో బ్యాక్టీరియా పెరిగితే ఈతకు హెచ్చరికలు పెడతారు, బోర్డు చూసుకోవాలి.

పార్కులో రాత్రి బసకు, టెంట్లకు అనుమతి లేదు. చీకటి పడ్డాక ఈరీ నగరంలోని హోటళ్లకు వెళ్లాల్సిందే. పిల్లలతో వెళ్లేవారు ముందుగా పార్కు గేటు బయటే ఉన్న టామ్ రిడ్జ్ ఎన్విరాన్‌మెంటల్ సెంటర్‌లో ఆగితే మేలు. అక్కడి ఎత్తైన టవర్ ఎక్కితే దిబ్బ ఎలా వంగిందో, మెడ ఎంత సన్నగా ఉందో ఒకేసారి కనిపిస్తుంది.