ఇందూరు నుంచి ఘారాపురికి

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. బోధన్ దేవల్ మసీదు గురించో, నిజాంసాగర్ కట్ట గురించో వ్రాస్తానని వారు అనుకుని ఉంటారు. కానీ ఈ ఏడాది మన సంఘంలో అందరి నోటా నలుగుతున్నది విహారయాత్ర సంగతి. దాని వెనక చరిత్ర కూడా తక్కువేమీ కాదు.

మొదట అందరూ అలీసాగర్ అన్నారు. దగ్గర, ఖర్చు తక్కువ, సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. 1931లో నిజాంసాగర్‌తో పాటే తయారైన ఆ చెరువును, దాని మధ్యనున్న చిన్న దీవిని మనలో చూడనివారు ఎవరు? సర్వీసులో ఉండగా పిల్లలను తీసుకుని అక్కడ పడవ ఎక్కినవాళ్ళమే. మా ఇంట్లో ఆవిడ ఆ పడవలో కూర్చున్నంతసేపూ నా చొక్కా పట్టుకుని వదలలేదు, అది వేరే కథ. ఆ సమావేశంలోనే వెనక వరుస నుంచి శక్కర్‌నగర్ మిత్రుడొకరు లేచారు. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి, ఎనభై దాటాయి. "చెరువులు శానా సూసినం సార్. సముద్రం సూడకుండనే పోతమా?" అన్నారు. సభ ఒక్క నిమిషం నిశ్శబ్దమైంది. అక్కడి నుంచి మాట బొంబాయి మీదికి, ఎలిఫెంటా దీవి మీదికి మళ్ళింది.

బొంబాయి మనకు కొత్త ఊరేమీ కాదు. 1900 ప్రాంతంలో గోదావరి లోయ మీటర్‌గేజి లైను వచ్చాక ఇక్కడ బండెక్కి, మన్మాడ్‌లో పెద్ద బండికి మారి వెళ్ళేవారు. లైను వెడల్పు చేశాక ఆ మార్పు బాధ తప్పింది. ఇప్పుడు దేవగిరిలో సాయంత్రం కూర్చుంటే మర్నాడు ఉదయానికి ముంబయి. అయితే మనవాళ్ళు రైలు కోసం ఆగలేదు. 18వ శతాబ్దం చివరి నుంచే నిజాం రాజ్యపు తెలుగు కూలీలు కాలినడకన ఆ ఊరు చేరారు. అక్కడివారు వారిని కామాఠీలన్నారు. ఏడు దీవుల మధ్య సముద్రాన్ని పూడ్చి ఒక నగరంగా చేసే పనిలో, ఆ తర్వాత దాని మేడలు కట్టే పనిలో రాళ్ళు మోసింది వీరే. వీరు కాపురమున్న చోటే కామాఠీపురా. ఆ పేరు వినగానే నేడు జనం ముఖం తిప్పుకుంటారు. కానీ ఆ పేరు పెట్టింది చెమటోడ్చిన మన తాతల వల్ల. కూలీలుగా వెళ్ళినవారిలో గుత్తేదారులైనవారూ ఉన్నారు. 1873లో జోతిరావు ఫూలే సత్యశోధక సమాజం స్థాపించినప్పుడు బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవారిలో వ్యంకు బాలాజీ కాళేవార్, జాయా కారాడి లింగు వంటి తెలుగువారు ఉన్నారన్న సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పరు.

ఇక దీవి సంగతి. గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర లాంచీ ఎక్కితే గంట ప్రయాణం. ఆ గేట్‌వే 1924 డిసెంబరులో ప్రారంభమైంది. 1948 ఫిబ్రవరి 28న చివరి ఆంగ్ల పటాలం దాని కిందుగానే నడిచి ఓడ ఎక్కింది. దీవి అసలు పేరు ఘారాపురి. రేవు దగ్గర పెద్ద రాతి ఏనుగు ఉండటం చూసి పోర్చుగీసువారు ఎలిఫెంటా అన్నారు. సముద్రపు గుహలని మనవాళ్ళు అంటున్నారు గానీ అవి అలలు తొలిచినవి కావు. కొండను ఉలితో తొలిచినవి. 6వ శతాబ్దం నాటివని, కలచురి రాజుల కాలపువని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. పెద్ద గుహలో వెనక గోడకు మూడు ముఖాల సదాశివుడు, ఎత్తు సుమారు పద్దెనిమిది అడుగులు. చుట్టూ అర్ధనారీశ్వరుడు, గంగాధరుడు, పార్వతీ కల్యాణం, కైలాసమెత్తుతున్న రావణుడు. చాలా బొమ్మలకు కాళ్ళూ చేతులూ విరిగిపోయాయి. ఉప్పుగాలి కొంత పాడుచేస్తే మనుషులు చాలా పాడుచేశారు. 1987లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనంలో రెండవ పులకేశి వందలాది నౌకలతో పశ్చిమ సముద్రపు పూరీ పట్టణాన్ని ముట్టడించినట్లు ఉంది. ఆ పూరీ ఈ ఘారాపురేనని కొందరంటారు. నాకు అంత నమ్మకం కుదరలేదు. ఇంత చిన్న దీవి మీదికి అన్ని నౌకలా? కానీ మరొక బంధుత్వం మాత్రం ఖాయం. ఆ గుహలు తొలిచిన నల్లరాయి దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట దక్కన్ అంతటా పారి గడ్డకట్టిన లావా. ఆ రాతి పొరల తూర్పు అంచు మన జుక్కల్, మద్నూరు ప్రాంతాల దాకా వచ్చింది. అది అరిగి ఏర్పడిందే నల్లరేగడి. మనం చెరుకు పండించిన మట్టీ, వారు శివుణ్ణి చెక్కిన రాయీ ఒక తల్లి బిడ్డలే.

రాతి ఏనుగు ఇప్పుడు దీవి మీద లేదు. ఇంగ్లండుకు తరలించబోయి ఎత్తుతుండగా ముక్కలైపోతే 1864లో వాటిని బొంబాయి విక్టోరియా తోటకు చేర్చారు. తర్వాత అతికించి నిలబెట్టారు. ఆ తోట బైకల్లాలో ఉంది, నేటి పేరు జిజామాత ఉద్యానం. కామాఠీపురా నుంచి అక్కడికి దూరం లేదు.

మాట తేలాక ఇళ్ళల్లో గొడవ మొదలైంది. కారణం మీకు తెలిసిందే. 2024 డిసెంబరు 18న గేట్‌వే నుంచి ఎలిఫెంటా వెళ్తున్న లాంచీని నౌకాదళపు వేగపు పడవ ఢీకొని పదిమందికి పైగా చనిపోయారు. మా అబ్బాయి ఫోను చేసి "నాన్నా, ఈ వయసులో అవసరమా?" అన్నాడు. వాడి భయం నాకు అర్థమైంది. అందుకే కమిటీలో కూర్చుని కొన్ని మాటలు గట్టిగా అనుకున్నాం. వానాకాలం వద్దు. సోమవారం వద్దు, గుహలు మూసి ఉంటాయి. ఆదివారమూ వద్దు, రద్దీ. ఉదయం మొదటి లాంచీలోనే పోవాలి. లైఫ్ జాకెట్ లేనిదే ఎవరూ కూర్చోరాదు, ఆ ప్రమాదం తర్వాత అక్కడ అది తప్పనిసరి చేశారు. బి.పి., షుగరు మందులు సంచిలో కాదు, జేబులో ఉండాలి. రేవు నుంచి కొండ కిందికి చిన్న రైలుంది. ఆ పైన నూటయిరవై దాకా మెట్లు. మోకాళ్ళ నొప్పులవారికి డోలీలు దొరుకుతాయి, బేరం ముందే ఆడుకోవాలి. ఇసుక తీరం ఉంటుందని ఆశపడకండి. దీవి చుట్టూ బురద, మడచెట్లు ఎక్కువ. నీళ్ళలో కాళ్ళు తడుపుకోవాలనుకునేవారు మర్నాడు జుహూ పోవచ్చు.

లాంచీకి భయపడేవారు బైకల్లాలో రాతి ఏనుగును చూసి కూర్చోవచ్చని నేను సూచించాను. అందరూ నవ్వారు. నవ్వనివారు ఒక్కరే, ఆ శక్కర్‌నగర్ మిత్రుడు. సమావేశం అయ్యాక నన్ను పక్కకు పిలిచి సంగతి చెప్పారు. ఆయన తండ్రి బేల్దారి పనికి బొంబాయి వెళ్ళి, కామాఠీపురా గల్లీలో నలుగురితో ఒక గదిలో ఉండి మనియార్డర్లు పంపేవారట. ఒక ఏడాది మనియార్డరు రాలేదు. తర్వాత మనిషీ రాలేదు. ఈయనకప్పుడు తొమ్మిదేళ్ళు. చెరుకు పనిలో చేరి, ఫ్యాక్టరీలో కుదురుకుని, ముగ్గురు పిల్లలను పెంచి, 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడటం కూడా చూశారు. బొంబాయికి మాత్రం వెళ్ళలేదు. ఆఖరి మనియార్డరు ఫారం ముక్క మీద గల్లీ నంబరు ఇంకా కనబడుతోంది. చూపించారు. మడతల దగ్గర కాగితం చిరిగిపోయింది.

"గుహలు మీరు సూడుండ్రి. నాకు ఆ గల్లీ సూపెట్టుండ్రి, సాలు" అన్నారు.

అక్కడి పాత చాళ్ళను కూల్చి కొత్తగా కట్టే పథకం సాగుతోంది. ఆలస్యం చేస్తే ఆ గది ఉన్న గోడ కూడా ఉండకపోవచ్చు. అందుకని కార్యక్రమం మార్చాం. ఉదయం దీవి. మధ్యాహ్నం మూడింటికల్లా తిరిగి గేట్‌వే. అక్కడి నుంచి బైకల్లాలో ఏనుగు, ఆ తర్వాత కామాఠీపురా. గల్లీలు చాలా ఉన్నాయి, మనకు కావలసింది ఒకటే. తెలుగు మాట్లాడేవారు అక్కడ ఇప్పటికీ ఉన్నారు కనుక దారి అడగటానికి ఇబ్బంది ఉండదు.

ప్రయాణం ఫిబ్రవరిలో. పేర్లు ఇవ్వదలచినవారు ఈ నెలాఖరులోగా కార్యదర్శి గారికి ఇవ్వగలరు. జాబితాలో మొదటి పేరు ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు. ఆయన వెంట మనవరాలు కూడా వస్తోంది, ఆ కాగితం ముక్క తన పర్సులో పెట్టుకుంటానంది.