బబూఫ్ నుంచి మార్క్స్ దాకా

ఫ్రెంచి విప్లవాన్ని మనం 'స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం' అనే మూడు మాటలతో ముగించేస్తుంటాం. తరగతి గదిలో నేనూ చాలా ఏళ్లు అలాగే ముగించాను. ఆ సమానత్వం ఎవరిదని నిలదీసినవాళ్లు ఆ విప్లవంలోనే ఉన్నారు.

1793 జూన్‌లో జాక్ రూ, ధరలు పెంచి పేదలను మాడ్చే వర్తకులను వదిలేశారేమని కన్వెన్షన్‌నే ప్రశ్నించాడు. బబూఫ్ ఇంకా ముందుకెళ్లాడు. ప్రభువుల భూమి దస్తావేజులు చూసే గుమాస్తాగా బతికినవాడు గనక ఆస్తి ఎలా పోగుపడుతుందో ఆ కాగితాల్లోనే చదువుకున్నాడు. 1794 డిసెంబరులో ధరల అదుపు పోయింది. 1795 రాజ్యాంగం ఓటును పన్నుకు ముడివేసింది. 1796లో 'సమానుల కుట్ర' ఈ పరిస్థితిలోంచే పుట్టింది. 1797 మేలో బబూఫ్‌ను గిలెటిన్ ఎక్కించారు.

బతికి బయటపడ్డ సహచరుడు బువొనరోటి 1828లో బ్రస్సెల్స్‌లో ఆ కుట్ర చరిత్రను అచ్చువేశాడు. 1830 విప్లవం తర్వాత ఫ్రాన్సులో కమ్యూనిస్టు భావం మళ్లీ తలెత్తడానికి బువొనరోటే కారకుడని మార్క్స్, ఎంగెల్స్ 1845లో 'పవిత్ర కుటుంబం'లో ఒప్పుకున్నారు. 1848 నాటి 'కమ్యూనిస్టు ప్రణాళిక'లో మాత్రం ఆనాటి రచనల్లోని మోటు సమీకరణను విమర్శించారు.

ఈ రెండు మాటలకూ పొంతన ఉంది. బబూఫ్ ఎరిగిన పారిస్ చేతివృత్తులవారిది. అందుకే అందరి శ్రమఫలాన్నీ ఉమ్మడి గిడ్డంగికి చేర్చి సమంగా పంచాలన్నాడు. దోపిడీ మూలాన్ని ఉత్పత్తి సంబంధాల్లో చూపడానికి ఫ్యాక్టరీ యుగం రావలసి వచ్చింది.

బబూఫ్‌ను ఊహాజీవి అని తోసెయ్యడమూ, మార్క్స్‌కు ముందే మార్క్సిస్టును చెయ్యడమూ రెండూ చరిత్రకు అన్యాయమే. పాత రచయితలను తూచేటప్పుడు మనమూ ఈ రెండు తప్పులూ చేస్తున్నాం. వారి కాలం ఎంత చూడనిచ్చిందో, అందులో వారెంత చూశారో ముందు తేల్చుకుందాం.