తులసిమాల ఆయన మెడల, మోత నా నెత్తిన

ఇంకింత దగ్గెరకు జరగుండ్రి బిడ్డా, సలి ఎముకలు కొరుకుతున్నది. ఆ పత్తికట్టె లోపలికి తొయ్యి, పొగ వస్తున్నది. ఏందీ, హైదరాబాదుల చదువుకునే పిల్ల నీసు ఇడిసిపెట్టిందట? ఎవలూ నవ్వకుండ్రి. మంచి ముచ్చటనే. గని ఈ ఇంట్ల ఇది కొత్త కాదు. మీ తాత ఇడిసిండు. ఆయన ఇడిసిన నాడు ఏమైందో, ఎవల మీద పడ్డదో చెప్త. ఇను, అటెనుక నీ ఇష్టం.

మాది బోధన్ అవతల, మంజీర దగ్గెర ఊరు. ఏరు దాటితే మరాఠీ మాట. అందుకే మా దిక్కు పాండురంగని భక్తి ఎక్కువ. ఆషాఢం వస్తే దిండీలు కట్టుకొని, తాళాలు కొట్టుకుంట, భజన చేసుకుంట పండరిపురం నడిచి పోయేటోళ్ళు. తొలి ఏకాశి నాడు చంద్రభాగల తానం చేసి, విఠలుని పాదాల మీద తల పెట్టి వచ్చేటోళ్ళు. మెడల తులసిమాల ఏసుకున్నోడు ఇగ నీసు ముట్టద్దు, కల్లు తాగద్దు. మీ నాయిన ఏసుకునే అయ్యప్ప మాల లెక్క 41 రోజులది కాదు అది. బతికున్నన్ని రోజులు.

మీ తాత మాలేసుకున్ననాటికి రెండు రూపాయల కిలో బియ్యం ఇంక రాలే. అది రామారావు వచ్చినంక, 1983ల. నిజాంసాగర్ కాలువ కింద ఉన్నోళ్ళకు వరి ఉండె. మాది నల్లరేగడి, జొన్న పంట. పొద్దున గటకల సల్ల పోసుకునేది, పగటికి రొట్టె, ఎల్లిపాయ కారం, ఉంటే పప్పు. బియ్యం బువ్వ పండుగకో, సుట్టమొస్తేనో.

మీరనుకుంటరు, తాతకు నోరు ఎంత కొట్టుకున్నదో అని. ఏం కొట్టుకోలే. అప్పుడు మేం రోజూ నీసు తిన్నమా ఏంది? కోడి అంటే పెరట్ల తిరిగే కోడే. దాన్ని కొయ్యాల్నంటే అల్లుడన్న రావాలె, జరమన్న రావాలె. ఈ తెల్లకోళ్ళు, ఐతారం ఐతారం కిలో చికెను, ఇయ్యన్ని తర్వాత వచ్చినయి. యాట అంటే దసరాకు, బోనాలకు, పెండ్లికి. ఏడాది మొత్తం లెక్కేస్తే తినని రోజులే ఎక్కువ. గని తిన్న ఆ కొన్ని రోజులు ఉత్త తిండి రోజులు కావు బిడ్డా. ఒక రోజు పోచమ్మది, ఒక రోజు వియ్యంపులది, ఒక రోజు సచ్చిపోయినోళ్ళది. మాలేసుకుంటే కడుపుకు కష్టం కాలే. వాళ్ళందరి కాడ కష్టమయింది.

ముందుగాల్ల పోచమ్మ కాడనే తగిలింది. విఠలుని ఏకాశి ఆషాఢంలనే, మా ఊర్ల బోనాలూ ఆషాఢంలనే. ఈయన పండరి నుంచి వచ్చి కాళ్ళ బొబ్బలు మానకముందే బోనాల సాటింపు అయ్యింది. మా వాడకట్టుల పది ఇండ్లోళ్ళు కలిసి ఒక యాటను తెచ్చేది. కోసి, మోదుగాకుల మీద పోగులు పెట్టేది. పోగు పోగుకు కొంచెం మెత్తది, కొంచెం బొక్క, ఇంత కార్జం, ఇంత బోటి. ఒకలకు ఎక్కువ కాదు, ఒకలకు తక్కువ కాదు. మీ తాత పోయి “నాకు పోగు వద్దు” అన్నడు. వద్దంటే అయిపాయెనా? పది పోగులు తొమ్మిదయితే మిగిలినోళ్ళ మీద పైసలు పడ్డయి. “తినకుంటే తినకు, పైసలన్న ఇయ్యి” అన్నడు ఒక పెద్దమనిషి. “తిననిదానికి పైసలెందుకు పటేలా” అని ఈయన. “ముక్కకు కాదురా, వాడకట్టుకు” అని ఆయన. ఆఖరుకు పైసలిచ్చిండు. పోగు మా మరిది ఇంటికి పోయింది.

ఇగ అమ్మవారికి కోడి ఎవలు కొయ్యాలె? మా అత్తకు నిద్ర పట్టలే. దేశంల మశూచి పోయి ఎన్నో ఏండ్లు కాలేదు, ఊర్ల భయం పోలే. “తల్లికి కోపమొస్తే పిల్లల మీద సూపెడ్తది” అని ఒకటే ఏడ్పు. అప్పుడు మా మరిది అన్నడు, “కోడి నేను కోస్త, వదిన బెల్లం బువ్వ బోనం ఎత్తుకుంటది, అన్న గుడికాడ భజన చేసుకుంటడు” అని. అన్నదమ్ములు భూమి పంచుకున్నట్టు దేవుండ్లను పంచుకున్నరు. పోచమ్మకేం కోపం రాలే.

ఇంట్ల ముచ్చట చెప్త ఇను. మాలేసుకున్నోడు ఒక్కడే. తినేటోళ్ళు అందరున్నరు. మా అత్తకు నోట్ల పండ్లు లేకున్న బొక్కల పులుసు కావాలె. పిల్లలకు ఎండుచేపలు కావాలె. ఆయన వంటింట్ల నీసు వాసన రావద్దు. అందుకని కొట్టం ఎనుక మూడు రాళ్ళ పొయ్యి పెట్టిన. దానికి గంజు ఏరే, గంటె ఏరే, బూడిదేసి తోముడు ఏరే. వానల తడుసుకుంట అక్కడ వండి, చేతులు కడుక్కొని మల్ల లోపలికొచ్చి ఆయనకు పప్పు ఎసరు పెట్టేది. ఆయనకు పుణ్యం, నాకు రెండు పొయ్యిలు.

మీ కాక పుట్టినప్పుడు ఇంకో లొల్లి. నేను బాలింతను. మా అమ్మ మేకకాళ్ళు కాల్చి, గీకి, బట్టల మూట కట్టుకొని నడిచి వచ్చింది. మిరియాలేసి పులుసు పెడ్తే నడుముకు బలమని మా దిక్కు నమ్మకం. మూట చూసి ఈయన గడపల నిలబడ్డడు. అవునని అనడు, కాదని అనడు. మా అమ్మ అల్లుని ముందట ఎన్నడు మాట్లాడని మనిషి. ఆ రోజు తలుపు సాటు నుంచే అన్నది: “అల్లుడా, మాల నీ మెడల ఉన్నది. పాలిచ్చేది నా బిడ్డ.” ఈయన కండువా దులిపి భుజం మీదేసుకొని గుడికి పోయిండు. పులుసు నేను తాగిన. బొట్టు కూడ మిగల్చలే.

ఆ మాట ఆయన మనసుల పడ్డదని నాకు తర్వాత ఎరుకయ్యింది. ఎండకాలం కాలువ బందయితే గుంటలల్ల చేపలు మిగిలేటియి. మీ నాయిన, మీ పెదనాయిన బురదల దొర్లి చిన్న చిన్న చేపలు పట్టుకొచ్చిండ్రు. ఉప్పు కారం రాసి, కొట్టం ఎనుక నిప్పుల మీద పెట్టిండ్రు. ఆ వాసన దాగుతదా? ఈయన చేను కాడికెళ్ళి వచ్చి వాకిట్ల ఆగిండు. పిల్లలు చేతులెనుక పెట్టుకొని గడగడ వణుకుతున్నరు. నేను అడ్డం పోదామని లేసిన. ఆయన చెప్పులిడువకుంటనే మల్ల బయటికి పోయి అరుగు మీద కూసున్నడు. చీకటైనంక వచ్చి “పిల్లలు తిన్నరా” అని అడిగిండు. ఆ రోజు నుంచి ఇంట్ల ఎవలనూ ఏమనలే. మాల ఆయనదే, మిగిలినోళ్ళ నోరు వాళ్ళదే.

ఇప్పుడు తిండి ముచ్చటకొస్త. మొదట్ల నాకూ తెలువక, నీసు ఉండే రోజుల ఉత్త చారు, తొక్కు పెట్టి ఊకున్న. కడుపు నిండుతుండె గని ఆయన మొకంల తిన్న కళ లేదు. పండుగ నాడు అందరి ఇండ్లల్ల మసాల వాసన, ఈయన కంచంల చింతపండు చారు. ఒకనాడు నాకు తట్టింది. ఈయన తండ్లాడేది ముక్క కోసం కాదు, మసాల కోసం. ధనియాలు, లవంగాలు, చెక్క, గసాలు, ఎండు కొబ్బరి ఎర్రగ ఏంచి రోట్లేసి నూరిన. ఉల్లిగడ్డ నిప్పుల మీద కాల్చి దాంట్లనే కలిపిన. రాత్రి నానబోసిన అనుములు పొట్టు ఒలిచి, మెత్తగ ఉడికినంక ఆ ముద్దేసి, నూనె పైకి తేలేదాక సన్నమంట మీద పెట్టిన. పక్కింటామె గోడ మీదికెళ్ళి తలపెట్టి “ఏం సంగతి, ఇయ్యాల యాట తెగిందా?” అని అడిగింది. ఆయన ఇంకో రొట్టె అడిగి తిన్నడు.

ఆడికెళ్ళి నా వంట మారింది. ఉలువల కట్టు, బొబ్బెర గారెలు, పుంటికూరల పెసరుపప్పు, నువ్వుల పొడి, పల్లి తొక్కు. అప్పుడు జొన్న చేన్ల సాళ్ళు ఇడిసి కందులు, పెసర్లు, అనుములు ఏసేటోళ్ళం కాబట్టి పప్పు కొనుక్కునే పని లేకుండె. బియ్యం అగ్గువైనంక జొన్న తగ్గింది, జొన్నతోని సాళ్ళల్ల పప్పులూ తగ్గినయి. తర్వాతెప్పుడో మీల్ మేకర్ వచ్చింది. మా దిక్కే సోయ ఏస్తరు కదా, మంచిదేనని వండి పెట్టిన. ఒక్క ముద్ద నమిలి ఆపేసిండు. “పండ్ల కింద యాట లెక్కనే ఉన్నది, నాకొద్దు” అన్నడు. ఒకలకు అట్లాంటిది కావాలనిపిస్తది, ఒకలకు అది గుర్తుకే రావద్దనిపిస్తది. ముందు తినేటోని మనసు చూడాలె.

మీ మేనత్త పెండ్లిల మాత్రం తల వాచింది. పెండ్లి తెల్లారి దావత్‌ల యాట తెగకుంటే మర్యాద లేదని వియ్యంపులు అలిగిండ్రు. భక్తి అంటే ఒక్కలు నమ్మలే, పీనాసితనమన్నరు. ఆఖరుకు మా తమ్ముని వాకిట్ల పందిరేసి, మేనమామ దావత్ అని పేరు పెట్టి కానిచ్చినం. ఈయన అందరికి నీళ్ళు పోసుకుంట తిరిగిండు.

నడివయసు దాటినంక రోగమొచ్చింది. కరువుల బర్రెను అమ్ముకున్నం, ఇంట్ల పాలు, పెరుగు లేకుంటయినయి. చాయ్‌ల ఇన్ని పాలు తప్ప ఏం లేదు. అట్ల ఏండ్లు గడిచినయి. మెల్లగ అరికాళ్ళకు తిమ్మిర్లు, నాలుక ఎర్రగై మంట, నాలుగడుగులు నడిస్తే అలసట. చెప్పు కాలికెళ్ళి జారిపోయినా తెలువకపోతుండె. ఊర్లోళ్ళు పోచమ్మ కోపమన్నరు, ఇగ చూడు! నిజామాబాదుల డాక్టరు రక్తం చూపిచ్చి, బీ-12 తక్కువున్నదన్నడు. ఎర్రటి మందు సూదులిచ్చిండు. “ఆకుకూరల, పప్పులల్ల ఎంత ఎతికినా ఇది దొరకదమ్మా. మాంసంల, చేపలల్ల, గుడ్డుల, పాలల్ల ఉంటది. ఒంట్ల కొన్నేండ్ల నిలువ ఉంటది గాబట్టి ఇడిసిన కొత్తల ఏం తెలువది” అని చెప్పిండు. సూదులు పడ్డంక తిమ్మిర్లు చాన తగ్గినయి. కొడుకులు మల్ల బర్రెను కొనిచ్చిండ్రు. ఆయనను మాల తియ్యమని డాక్టరు అనలే, మేమూ అనలే.

ఆయన పోయినంక పిట్టకు పెట్టేకాడ మల్ల పంచాది. సచ్చిపోయినోళ్ళకు ఇష్టమైంది పెట్టాలె కదా. మాలకు ముందు ఆయనకు చేపలంటే పానం. చేపలు పెట్టాలని కొందరు, వద్దని కొందరు. నేను బొబ్బెర గారెలే పెట్టిన. కాకి జల్ది రాలే. “చేప పెడ్తే ఎప్పుడో వస్తుండె వదినా” అని మా మరిది గొణుగుడు. ఆఖరుకు వచ్చి గారె ఎత్తుకపోయింది. కాకి ఏది పెట్టినా తింటది. సుట్టాలనే ఒప్పియ్యాలె.

నీ సంగతి ఏరే బిడ్డా. మీ అన్న సెల్లుల చూసి చెప్పిండు, 2014ల సర్కారు లెక్క తీస్తే తెలంగాణల నూటికి 98 మందికి పైన నీసు తినేటోళ్ళేనట. అంటే నువ్వు పోయిన ప్రతి కాడ నువ్వొక్కదానివే. మాకు ఏడాదికి కొన్నిసార్లు అడ్డం వచ్చింది, నీకు వారానికి మూడుసార్లు వస్తది. దోస్తులు బిర్యానీ కాడ కూసుంటే నువ్వేం తింటవు? హాస్టల్ల నీళ్ళ పప్పు, ఆలుగడ్డ తిని, ఆకలైతే చిప్స్ పాకెట్ ఇప్పుతె అది శాకాహారమెట్లయితది? అట్ల ఇడిసినోళ్ళే నెల తిరగకముందు కోడికూర కాడికి ఉరుకుతరు. మీ నాయిన దీక్ష 41 రోజులు సాఫీగా నడుస్తదంటే, ఇంటిల్లిపాది ఆయన ఎనుక ఉంటం, ఎప్పుడు ఒడుస్తదో అందరికి ఎరుక. నీది ఒడిసేది కాదు, కాబట్టి ఎవలనూ ఇబ్బంది పెట్టకుంట నడిచే దారి చూసుకోవాలె.

ఇడువు, నేను వద్దనను. తీసేసిన దాని జాగల ఏదన్న పెట్టు. పప్పో, పెరుగో, పల్లీలో రోజూ కంచంల ఉండాలె. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకో, తిన్న ఎంబడే చాయ్ తాగకు, రక్తం పడ్తది. ఏడాదికోసారి ఆ బీ-12 చూపిచ్చుకో, తక్కువుంటే గోలీ ఏసుకో, నామోషీ లేదు. తినేటోళ్ళ కంచంలకు చూసి మొకం మాడ్చకు.

ఇంకొకటి. మీ అమ్మకు రెండో పొయ్యి పెట్టియ్యకు. మొక్కు ఎవలదో వంట వాళ్ళదే. ఇయ్యాల రాత్రి ఉలువలు నానబోస్త. రేపు పొద్దుగాల నువ్వే లేసి ఉడుకబెట్టు, మసాల నువ్వే నూరు. అవి జల్ది ఉడుకయి, చెప్తున్న.