కాకువు నుంచి కంప్యూటర్‌కు: తెలుగు ఉద్వేగ వాక్సంపుటి

మనిషి ఉద్వేగాన్ని గుర్తించి తదనుగుణంగా స్పందించే కంప్యూటర్ వ్యవస్థల రూపకల్పన, 1997లో వెలువడిన రోజలిండ్ పికార్డ్ గ్రంథం 'అఫెక్టివ్ కంప్యూటింగ్'తో ఒక అధ్యయనశాఖగా స్థిరపడింది. ఆటలలోకీ ఈ ఆలోచన వచ్చింది. 2015 నాటి 'నెవర్‌మైండ్' ఆట ఆటగాని గుండె వేగాన్ని గమనిస్తూ, అతడు భయపడేకొద్దీ మరింత కఠినమవుతుంది. అయితే గుండె వేగం కలతను పట్టిస్తుందే గాని అది భయమో సంతోషమో తేల్చదు. ఆ తేడా కంఠస్వరంలో ఎక్కువగా తెలుస్తుంది. కంఠస్వరానికి భాష కావాలి.

భారతీయ భాషలలో ఈ దిశగా జరిగిన ముఖ్యమైన తొలి ప్రయత్నాలలో ఒకటి తెలుగులోనే జరిగింది. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు శశిధర్ కూలగూడి, కె. శ్రీనివాసరావు ప్రభృతులు 2009లో దానిని ప్రకటించారు. విజయవాడ ఆకాశవాణి కళాకారులు పదిమంది (ఐదుగురు స్త్రీలు, ఐదుగురు పురుషులు) 15 వాక్యాలను ఎనిమిది విధాలుగా, పది విడతలలో పలికారు. మొత్తం 12,000 ఉచ్చారణలు. కోపం, కరుణ, జుగుప్స, భయం, సంతోషం, ఆశ్చర్యం, వ్యంగ్యం, తటస్థత అన్నవి ఆ ఎనిమిది. వాక్యాలలో ఏ ఉద్వేగమూ లేదు; భావమంతా పలికే తీరులోనే ఉండాలి.

తెలుగు సాహిత్య విద్యార్థికి ఇది కొత్త సంగతి కాదు. కంఠధ్వని భేదంతో ఒకే వాక్యం వేరే అర్థమివ్వడాన్ని ఆలంకారికులు కాకువు అన్నారు. భరతుడు వాచికాభినయంలో దీనిని చర్చించాడు. ఆయన చెప్పిన స్థాయిభావాలూ ఎనిమిదే, కాని ఈ జాబితాలో రతి, ఉత్సాహం లేవు. సంఖ్య కలిసినంత మాత్రాన ప్రభావాన్ని ఊహించడం తొందరపాటు. అసలు విశేషం వ్యంగ్యానికి చోటు దక్కడం. 2005 నాటి బెర్లిన్ సంపుటిలో విసుగు ఉంది, వ్యంగ్యం లేదు.

విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. ముఖం కనిపించని రేడియో నాటకంలో నటుని కనుబొమలు, చేతులు పనికిరావు. భావం శ్రోతకు గొంతుతోనే తప్పక చేరాలి. ఆ స్పష్టతే సంపుటికి బలం, పరిమితి కూడా. నిత్యవ్యవహారంలో మనిషి తరచు ఉద్వేగాన్ని దాచుకుంటాడు.

2022 దాకా కృష్ణా జిల్లాలోనూ, ఇప్పుడు ఏలూరు జిల్లాలోనూ ఉన్న ముసునూరు మామిడి రైతునే ఊహించవచ్చు. ఈదురుగాలికి చిన్నరసాలు రాలిన మర్నాడు ఫోనులో ఒక యాంత్రిక సలహా వ్యవస్థతో అతడు "ఈ ఏడు కాపు బ్రహ్మాండం" అంటాడు. గొంతు పెద్దగా మారదు. యంత్రం అభినందిస్తుంది. పక్కతోట రైతుకు మాత్రం ఆ మాటలోని చేదు తెలుస్తుంది, రాత్రి వీచిన గాలి అతడికీ తెలుసు గనుక. సంపుటిలోని ప్రతి ఉచ్చారణకూ భావం పలకడానికి ముందే నిర్ణయమైంది. ఈ రైతు మాటకు భావాన్ని నిర్ణయించవలసింది ప్రయోగశాలలోని శ్రోత కాదు, ఆ పక్కతోట మనిషే.