తాడిపత్రిని చూసి రమ్మంటారు (ఊళ్ల చరిత్ర – 6)



కదిరిలో ఏ టీ అంగడి ముందు నిలబడి మురికి కాలువ మాట ఎత్తినా ఒకటే జవాబు: "ఒకసారి తాడిపత్రికి పోయి చూసి రా సార్." ఆటో డ్రైవరూ అదే అంటాడు, రిటైరైన హెడ్మాస్టరూ అదే అంటాడు. ఈ భాగం ఆ మాట గురించే.

రెండూ పాత అనంతపురం జిల్లా ఊళ్లే. 2022 ఏప్రిల్ 4న జిల్లాను చీల్చినప్పుడు కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది, పెన్నా ఒడ్డునున్న తాడిపత్రి అనంతపురంలోనే ఉండిపోయింది. 2011 లెక్కల్లో తాడిపత్రి జనాభా లక్షా ఎనిమిది వేలు, కదిరిది తొంభై వేలకు కాస్త తక్కువ. రెండు ఊళ్లలోనూ గుడీ మసీదూ పక్కపక్క వీధుల్లోనే ఉంటాయి. కదిరి నరసింహస్వామి తేరు కదిలే రోజు ముస్లింలు కూడా వచ్చి మొక్కుకోవడం ఇక్కడ వార్త కాదు. వానలు రెండు చోట్లా అంతంత మాత్రమే. అయినా శుభ్రమైన ఊరన్న పేరు మాత్రం తాడిపత్రికే దక్కింది.

ఆ పేరు ఊరికే రాలేదు. తాడిపత్రి మున్సిపల్ చైర్మన్‌గా జేసీ ప్రభాకర్ రెడ్డి చేసిన పని అది. (మేయర్ అనేది కార్పొరేషన్‌లకు. తాడిపత్రీ కదిరీ మున్సిపాలిటీలు, అక్కడ ఉండేది చైర్మనే. పని మాత్రం అదే.) భూగర్భ డ్రైనేజీ, ప్లాస్టిక్ సంచుల మీద నిషేధం, ఊడ్చిన రోడ్లు. ఈ మూడూ చెప్పి రాష్ట్రంలో ఎక్కడైనా ఆ ఊరిని పొగుడుతారు. 2021 మార్చిలో రాష్ట్రంలో దాదాపు అన్ని పట్టణాలనూ వైఎస్సార్ కాంగ్రెస్ ఊడ్చేసుకుంటే, 36 వార్డుల తాడిపత్రిలో తెలుగుదేశానికి 18, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 16 వచ్చాయి. మిగిలిన ఇద్దరిలో ఒకరు సీపీఐ, ఒకరు స్వతంత్రుడు. ఆ ఇద్దరి మద్దతుతో ఆయన మళ్లీ చైర్మన్ అయ్యాడు. ఊరి పని చూసి జనం ఓటేశారని అప్పుడు చాలామంది రాశారు. నేను కాదనను. శుభ్రమైన వీధి మీద అందరికీ హక్కుంది, మన పిల్లలకు ఇంకా ఎక్కువ ఉంది. మురికి నిలిచేది మన పేటల ముందే కదా.

కానీ చరిత్ర చదివేవాళ్లం ఇంకో ప్రశ్న వేయాలి. ఆ ఊరిని ఎవరు శుభ్రం చేశారు? పొగిడే వాక్యాలన్నిటిలోనూ కర్త ఒక్కడే: చైర్మన్. 'ఆయన రోడ్లు ఊడ్పించాడు, కాలువలు తీయించాడు.' తెలుగు వ్యాకరణం చెప్పే వాళ్లకు ఈ ప్రేరణార్థకం బాగా తెలుసు. చేసినవాడు వాక్యంలోంచి జారిపోతాడు, చేయించినవాడు మిగులుతాడు. రాజులు చెరువులు 'తవ్వించిన' శాసనాల నుంచి ఇదే వరస.

చేయించే బలం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడండి. 1985 నుంచి 2009 దాకా జరిగిన ఆరు అసెంబ్లీ ఎన్నికల్లోనూ తాడిపత్రిలో గెలిచింది ఆయన అన్న దివాకర్ రెడ్డి. 2014లో ప్రభాకర్ రెడ్డి, 2024లో ఆయన కొడుకు అస్మిత్ రెడ్డి. ఇంత బలం వెనకున్న చైర్మన్ కేకేస్తే కమిషనరూ లేచి నిలబడతాడు, కాంట్రాక్టరూ పరిగెత్తుతాడు. మరి రిజర్వేషన్ కుర్చీలో కూర్చున్న మన మనిషి కేకేస్తే? 2021లో కదిరి కుర్చీలో కూర్చున్నది నజీమున్నీసా అనే ముస్లిం మహిళ. రెండు ఊళ్లకూ చట్టం ఒకటే, 1965 నాటి మున్సిపాలిటీల చట్టం. కౌన్సిల్ తీర్మానిస్తుంది, కమిషనర్ అమలు చేస్తాడు. అంటే చైర్మన్ మాట నడవాలంటే కాగితం మీది అధికారం చాలదు, కాగితం బయటి పలుకుబడి కావాలి. అది కులంతోనూ భూమితోనూ వస్తుంది. "తాడిపత్రిని చూసి రా" అనేవాళ్లు చాలాసార్లు తెలియకుండానే "మనకూ ఒక రెడ్డి కావాలి" అంటున్నారు. నాకు గుచ్చుకునేది అక్కడే.

ఈ కుర్చీ మొదటి నుంచీ అలాంటిదే. 1884 మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టం కింద పన్ను కట్టేవాళ్లకే ఓటు. ఇల్లూ జాగా లేని వాడకు పన్నూ లేదు, ఓటూ లేదు. కానీ అదే మున్సిపాలిటీకి తెల్లారకముందే పాయఖానాలు ఎత్తే మనుషులు కావాలి, వాళ్లు మాత్రం మన వాడల నుంచే రావాలి. ఊరి తోటి పని పోయి జీతం మీద పాకీ పని వచ్చింది. మేస్త్రీ వచ్చాడు, మస్టర్ వచ్చింది. కులం మారలేదు.

మలయాళంలో తకళి 1947లో అచ్చు వేసిన 'తోట్టియుడె మకన్' నవల అలెప్పీ మున్సిపాలిటీ కథ. అందులో పాకీ పనివాడు చుడలముత్తు కొడుకును వేరే బతుకులో పెట్టాలని జీతంలోంచి కూడబెట్టి, ఆ డబ్బు మున్సిపల్ ప్రెసిడెంట్ దగ్గరే దాచుకుంటాడు. ఆ పెద్దమనిషి దాన్ని మింగేస్తాడు. పైగా కార్మికుల సంఘాన్ని చీల్చడానికి వాడినే వాడుకుంటాడు. ఎంఏ విద్యార్థులకు నేను దీన్ని తప్పకుండా చెబుతాను. కుర్చీకీ చీపురుకీ మధ్య సంబంధం ఇంత నేరుగా చూపించిన పుస్తకాలు తక్కువ.

ఇప్పుడు 1993కు వద్దాం. ఆ ఏడాది జూన్ 1న 74వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. వార్డుల్లో దళితులకు జనాభా ప్రకారం, ఆడవాళ్లకు మూడో వంతుకు తగ్గకుండా వాటా. సరిగ్గా నాలుగు రోజులకు, జూన్ 5న, పాకీ పనినీ పాకీ దొడ్ల నిర్మాణాన్నీ నిషేధించే చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది. ఒకటి కుర్చీలో చోటిచ్చింది, రెండోది నెత్తి మీది గంప దించమంది. కుర్చీ చట్టం ప్రకారం 1995లో మన దగ్గర మున్సిపల్ ఎన్నికలు జరిగాయి. గంప చట్టం ఆంధ్రప్రదేశ్‌లో అమలు తేదీ పొందడానికే 1997 జనవరి 26 అయింది. ఆ తర్వాతా అనంతపురం పట్టణంలో 400 సీట్ల ఉమ్మడి పాకీ దొడ్డి నడిచింది, దాన్ని మన ఆడవాళ్లు చేతులతో ఎత్తారు. ఎత్తించింది ప్రైవేటు మనిషి కాదు, మున్సిపాలిటీయే. బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ గారు, సఫాయి కర్మచారి ఆందోళన్ ఆ దొడ్లను గడ్డపారలతో పగలగొట్టించే దాకా వచ్చింది. ఆ సంస్థ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్తే తీర్పు 2014 మార్చి 27న వచ్చింది: 1993 నుంచి మురుగు గుంతల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలు. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేశారు.

గమనించండి, ఈ మొత్తం కథలో ఒక్క చైర్మన్ కూడా ముందుకొచ్చి "మా ఊళ్లో ఈ పని ఆపేస్తున్నాను" అన్న ఘట్టానికి బొమ్మ వేయాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు గంప లేదు, తోపుడు బండి ఉంది. పర్మినెంట్ ఉద్యోగం పోయి కాంట్రాక్టు వచ్చింది, 2020లో ఆప్కాస్ వచ్చింది. 2023 డిసెంబర్ 26న మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగి, జనవరి రెండో వారం దాకా నిలబడి, 21 వేల జీతం ఖాయం చేయించుకున్నారు. ఆ రోజుల్లో ప్రతి ఊళ్లోనూ చెత్త వీధికెక్కింది. అప్పుడు తెలిసింది ఊరిని శుభ్రంగా ఉంచేదెవరో. నా క్లాసులో ఒక అమ్మాయి స్కాలర్‌షిప్ ఫారంలో తల్లి వృత్తి దగ్గర 'మున్సిపల్ ఉద్యోగి' అని రాసింది. పక్క పిల్ల "ఏ సెక్షన్?" అని అడిగితే తల వంచుకుంది. సమ్మె అయ్యాక అదే అమ్మాయి సెమినార్‌లో 21 వేల లెక్క బోర్డు మీద వేసి వివరించింది, వాళ్లమ్మ ఏ రోజు ఏ కూడలిలో కూర్చుందో కూడా చెప్పింది.

పరిశోధన చేస్తున్న పిల్లలకు ఒక పని. చాలా మున్సిపల్ ఆఫీసుల్లో గోడ మీద చైర్మన్ల పేర్ల బోర్డు ఉంటుంది, దాన్ని ఫోటో తీసి వదిలేయకండి. పాత మస్టర్ రోల్స్ అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. ఎవరి పేరు ఏ ఏడాది ఎక్కింది, ఆ పని తర్వాత ఆ ఇంట్లో ఎవరికి వెళ్లింది అన్నది రాయండి. కదిరివి నేను మొదలుపెడుతున్నాను. తాడిపత్రివి ఎవరైనా తీసుకోండి.

వచ్చే భాగం కోలార్ గనుల మీద.

జై భీమ్.