రాక్షసుడి కొడుకు ఏ రంగు?

కొత్తపేట నుంచి ఎల్బీనగర్ వైపు వెళ్తుంటే మెయిన్ రోడ్డుకి ఒక సందు లోపల ఉంటుంది మా అపార్ట్‌మెంట్. మొన్నటి వినాయక చవితికి పిల్లల చేత ‘భక్త ప్రహ్లాద’ వేయించాలని అసోసియేషన్ వాళ్లు తీర్మానించారు. ఇరవై ఐదు నిమిషాల నాటకం, పదకొండు మంది పిల్లలు, సెల్లార్‌లో నాలుగు బల్లలు కలిపి కట్టిన స్టేజి. నాటకాల మీద అప్పుడప్పుడూ ఏదో రాస్తుంటానని తెలిసిన పాపానికి మేకప్ పని నా నెత్తిన పడింది. పగలంతా కోడ్ రాసుకునేవాడికి పదకొండు మొహాలు అప్పగించారన్నమాట.

ప్రహ్లాదుడి వేషం మూడో ఫ్లోర్ పాపది. తొమ్మిదేళ్లు. పద్యం తప్పకుండా చెప్పగలిగింది ఆ పాప ఒక్కతే. చామనచాయ కంటే ఒక మెట్టు ఎక్కువ నలుపు. రిహార్సల్ రోజు వాళ్లమ్మ నన్ను పక్కకి పిలిచి, “అన్నా, పాపకు జర తెల్లగ వెయ్యి. ఫొటోలల్ల నల్లగొస్తది” అంది. హిరణ్యకశిపుడు వేసేది ఐదో ఫ్లోర్ బాబు, పచ్చని పసిమి రంగు. వాళ్ల నాన్న వచ్చి, “రాక్షసుడు కదండీ, వీడికి కాస్త నల్లగా వేయండి, లేకపోతే నమ్మరు” అన్నాడు.

ఇద్దరికీ తలూపాను. పక్కనే నిలబడి వింటున్న పాప మాత్రం అడగాల్సింది అడిగేసింది. “అంకుల్, మా డాడీ రాక్షసుడు గదా, మరి నేను గూడ రాక్షసుల పిల్లనే గదా? నన్నెందుకు తెల్లగ చేస్తరు?”

నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం వెతుక్కున్నదే.

ముందు నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. ఆఫీసు అలవాటు కొద్దీ పాత్రలకి ల్యాప్‌టాప్‌లో రంగులు ఎంచుకున్నాను. ప్రతి మొహానికీ ఒక బొమ్మ, ప్రతి రంగుకీ ఒక కోడ్. స్క్రీన్ మీద అద్భుతంగా ఉంది. మెట్రో ఎక్కి కోఠి వెళ్లి రంగులు తెచ్చి, సెల్లార్‌లో ఒక పిల్లాడికి వేసి చూశాను. డీజే అతను తెచ్చిన ఎల్ఈడీ లైట్లు నీలంలోకి తిరగ్గానే, హిరణ్యకశిపుడి కళ్ల చుట్టూ వేసిన ఎరుపు కాస్తా బొగ్గులా నల్లబడింది. స్క్రీన్ తన వెలుగు తనే ఇస్తుంది. మొహం మీద రంగు, పడ్డ వెలుగులో తనకి కావలసింది మాత్రమే తిరిగి పంపుతుంది. ఎరుపు లేని వెలుగులో ఎర్ర రంగుకి పంపడానికి ఏమీ ఉండదు. ఇంజనీరింగ్ ఫస్టియర్ ఫిజిక్స్ ఇది, పరీక్ష అయ్యాక మర్చిపోయాను.

అప్పుడే కుర్చీలో కూర్చుని చూస్తున్న రెండో ఫ్లోర్ తాత నవ్వాడు. ఆయనది జనగామ వైపు పల్లె. “మా ఊర్ల చిందోళ్లు ఆడేటోళ్లు బిడ్డా. అర్దళం పూసుకుంటే కాగడా ఎలుగుల మొఖం పసుపు పచ్చగ మెరిసేది. ఎంత దూరంకెల్లి చూసినా కండ్లు కనవడేటియి” అన్నాడు.

అర్దళం అంటే నిఘంటువుల్లో అరిదళం, సంస్కృతంలో హరితాళం. పసుపుపచ్చని ఖనిజం. దాన్ని నూరి మొహానికి పూసుకునేవాళ్లు. చిందు యక్షగానంలోనే కాదు, కథకళిలో పాత్రల ఆకుపచ్చకీ ఈ పసుపే ఒక దినుసు. ఈ రంగునే ఎందుకు పట్టుకున్నారన్న దానికి తాత మాటలోనే సగం సమాధానం ఉంది. కాగడా మంట వెలుగులో ఎరుపు, పసుపు పాళ్లు ఎక్కువ, నీలం చాలా తక్కువ. ఆ వెలుగులో పచ్చని మొహం దీపంలా కనిపిస్తుంది. దాని మీద కాటుకతో గీసిన కనుబొమ, ఇంగిలీకంతో దిద్దిన పెదవి ఊరి చివర కూర్చున్నవాడికీ తెలుస్తాయి. ముఖ్యమైన పాత్ర ప్రవేశించేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లి భగ్గుమనిపించడం మన యక్షగానాల్లో, కూచిపూడి భాగవతంలో ఉన్న పద్ధతే. ఆనాటి స్పాట్‌లైట్ అది. చిందు యక్షగానాన్ని ఈనాటి దాకా మోసుకొచ్చిన జనగామ జిల్లా కళాకారుడు గడ్డం సమ్మయ్యకి 2024లో పద్మశ్రీ వచ్చినప్పుడు పేపర్లలో ఫొటోలు చూశాం కదా, కిరీటం, భుజకీర్తులు, నిండుగా రంగు వేసిన మొహం. ఆ రంగు మనిషిని అందంగా చేయడానికి పూసింది కాదు. మనిషిని దాచి, పాత్రని దూరానికి చూపించడానికి పూసింది.

ఈ మాట పాతదే. నాట్యశాస్త్రం ఆహార్యాన్ని నాలుగు భాగాలు చేసి, ఒంటికి రంగులు వేయడాన్ని అంగరచన అంది. జీవుడు ఒక దేహం వదిలి ఇంకో దేహంలోకి వెళ్లినట్టు, నటుడు రంగు పూసుకుని తన స్వభావం వదిలి పాత్ర స్వభావంలోకి వెళ్తాడని చెప్పింది. తెలుపు, నీలం, పసుపు, ఎరుపు కలిపి కొత్త రంగులు ఎలా చేసుకోవాలో కూడా రాసింది. అయితే అక్కడ అంతా బంగారం అనుకోవద్దు. ఏ వర్ణం వాళ్లకి ఏ ఒంటిరంగు వేయాలో కూడా అదే పుస్తకం చెబుతుంది. బ్రాహ్మణ క్షత్రియులకి పసిమి, కింద వర్ణాలకి చామన. కాబట్టి నలుపు తెలుపుల తక్కువ ఎక్కువలు నిన్నమొన్న బ్యూటీ క్రీములతో వచ్చినవని అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకోవడమే.

కానీ అదే గ్రంథంలో మా పాప ప్రశ్నకి పనికొచ్చేదొకటి దొరికింది. దైత్య దానవ రాక్షసులకి నలుపు వైపు రంగు చెప్పిన చోటే నారాయణుడికీ శ్యామవర్ణం చెప్పారు. అంటే మా నాటకంలో హిరణ్యకశిపుడు, అతను ద్వేషించే విష్ణువు, ఇద్దరూ రంగులో పక్కపక్కవాళ్లే. దేవుడిని నీలమేఘశ్యాముడని రోజూ పిలుస్తూ, ఆయన భక్తుడిని తెల్లగా చేయమనడం ఎంత తమాషా!

చెర్యాల పటాలు చూస్తే లెక్క ఇంకాస్త తేటపడుతుంది. ఎర్రని నేపథ్యం మీద దేవుళ్లకి నీలం, దేవతలకి పసుపు. ఈ రంగుల్లో ఏదీ మనిషి ఒంటిరంగు కాదు. పటం చూసేవాడికి ఎవరు ఎవరో ఆనవాలు పట్టించడానికి పెట్టుకున్న గుర్తులు. చైనా ఆపెరాలో ఈ గుర్తులు మనకి అలవాటైన దానికి పూర్తిగా ఎదురు. అక్కడ నల్లమొహం న్యాయం తప్పని బావో జెంగ్‌ది, తెల్లమొహం కుట్రలు పన్నే సావో సావోది. మా ఐదో ఫ్లోర్ నాన్నగారు బీజింగ్‌లో పుట్టి ఉంటే కొడుక్కి తెలుపు వేయమనేవారు.

ప్రహ్లాదుడి కథకి తెలుగు స్టేజి మీద పెద్ద చరిత్రే ఉంది. తంజావూరు జిల్లా మెలట్టూరులో ప్రతి ఏటా నరసింహ జయంతికి భాగవత మేళా జరుగుతుంది. తమిళ నేల మీద, మెలట్టూరు వెంకటరామ శాస్త్రి రాసిన తెలుగు ‘ప్రహ్లాద చరిత్రము’ ఆడతారు. అక్కడ నరసింహుడికి రంగు వేయరు, ముఖోటా పెడతారు. ఆ ముఖోటాకి పూజ జరుగుతుంది, ధరించే నటుడు ఉపవాసం ఉంటాడు. ఉగ్రరూపాన్ని మనిషి చర్మం మీద దిద్దకుండా విడిగా ఒక వస్తువులో నిలిపారు.

మన వైపు ఈ కథని ఊరూరా తిప్పినవాళ్లు సురభి వాళ్లు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచక వధ’తో మొదలుపెట్టిన కుటుంబ నాటకం అది. వాళ్ల పెద్దలు తోలుబొమ్మలాట ఆడించినవాళ్లు. మేక తోలు మీద వేసిన రంగు మనుషుల తోలు మీదికి వచ్చిందన్నమాట. సురభిలో పిల్లలు స్టేజి మీదే పెరుగుతారు. నడక రాకముందే ఎవరో ఒకరి చంకలో పాత్ర అయిపోతారు. వాళ్ల మేకప్ పెట్టెలోని రంగులు కొనుక్కొచ్చిన పెద్దవాళ్ల రంగులే, మొహాలు మాత్రం బుల్లివి. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా సురభి నాటకం ఆధారంగా వచ్చిందే. హెచ్.ఎం.రెడ్డి దర్శకుడు. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, సురభి కమలాబాయి లీలావతి. మన మొదటి టాకీకి కథానాయకుడు ఒక పిల్లవాడే. మరో నాలుగేళ్లకి, 1936లో సి.పుల్లయ్య ‘సతీ అనసూయ’ని పిల్లలతోనే తీశాడు.

రంగు పని మారిపోయిన చోటు ఈ మధ్యలోనే ఎక్కడో ఉంది. కాగడా పోయి పెట్రోమాక్స్, ఆ తర్వాత కరెంటు వచ్చాయి. 1873లో బెర్లిన్‌లో లుడ్విగ్ లైక్నర్ అనే ఆపెరా గాయకుడు సీసం లేని గ్రీజ్ పెయింట్ అమ్మడం మొదలుపెట్టాడు. అంతకుముందు అక్కడి నటులు సీసపు తెలుపు పూసుకుని ఒళ్లు పాడుచేసుకునేవాళ్లు. అమృతమని మనం మొహాన పూసుకున్నవీ తక్కువేం కావు. అర్దళంలో ఉండేది ఆర్సెనిక్, ఇంగిలీకంలో పాదరసం. గ్రీజ్ పెయింట్ ఆ ప్రమాదాన్ని తగ్గించింది, కానీ మెల్లగా ఇంకో ఆలోచన తెచ్చింది. ఈ కొత్త రంగు కర్రలు నంబర్లతో వచ్చేవి, నంబర్‌కో ఒంటిరంగు. రంగు పాత్రని చెప్పడం మాని చర్మాన్ని చెప్పడం మొదలుపెట్టింది. తొలినాళ్ల సినిమా ఫిల్ముకి ఎరుపు కనపడేది కాదు, మనిషి చర్మంలోని ఎర్రదనం నల్లగా పడేది. అందుకని నటులు దట్టంగా తెల్లరంగు పూసుకున్నారు. అదీ కాగడాకి అర్దళం పూసినట్టు సాంకేతిక అవసరమే. తర్వాత ఫిల్ము బాగుపడింది, అవసరం తీరిపోయింది. తెల్ల పూత మాత్రం పోలేదు. మన మనసుల్లో ముందే ఉన్న పాత జబ్బుకి అది సరిగ్గా సరిపోయింది, అందుకే ఉండిపోయిందని నా అనుమానం.

ఇదంతా చదివాక ల్యాప్‌టాప్‌లోని డిజైన్లన్నీ తీసిపడేశాను. మూడు నియమాలు పెట్టుకున్నాను. ఒకటి, ఎవరి ఒంటిరంగూ మార్చకూడదు. రెండు, తేడా అంతా గీతలోనే చూపించాలి. మూడు, పిల్లల చర్మం పెద్దవాళ్ల చర్మం కాదు. మూడోదాని కోసం డ్రాయింగ్ క్లాసు పోస్టర్ కలర్లు వద్దన్నాను. చర్మానికని తయారైన నీటి రంగులే తెచ్చాం. ఒకరోజు ముందు ప్రతి పిల్లకీ మోచేతి మడతలో చిన్న చుక్క పెట్టి చూశాం. ఒక బాబుకి ఎరుపు పడలేదు, దద్దురు వచ్చింది. వాడికి ఎరుపు మానేశాం. ఎవరి స్పాంజి వాళ్లదే.

తండ్రీకొడుకుల నుదుటి మీద ఒకేలాంటి గుర్తు పెట్టాను, కనుబొమల మధ్య చిన్న వంశపు చిహ్నంలాగా. హిరణ్యకశిపుడి కనుబొమలు కణతల దాకా పైకి లేపి, కింది రెప్ప కింద కూడా నల్లగీత గీశాను. ఎర్ర రంగు వాడిన చోటల్లా దాని అంచుకి నలుపు దిద్దాను, లైటు నీలంలోకి తిరిగినా గీత మిగిలేటట్టు. ప్రహ్లాదుడికి నామం, కళ్ల చుట్టూ కాటుక, అంతే. పిల్లల మొహాల మీద చిన్న చిన్న గీతలు పదడుగులు దాటితే కనపడవు. పెద్దవి నాలుగే చాలు. నరసింహుడికి మెలట్టూరు దారి పట్టి అట్టముక్కతో ముఖోటా చేశాం. ఊపిరి ఆడాలి కాబట్టి దాన్ని నుదుటి మీదికి కిరీటంలా కట్టాం.

పాపకి జవాబు కూడా చెప్పాను. “నువ్వు మీ డాడీ రంగే. నువ్వు మొక్కే దేవుడు నీకంటే నల్లనోడు. ఎవరు మంచోళ్లో రంగు చూస్తే తెలువదు, కనుబొమలు చూస్తే తెలుస్తది.” అద్దంలో తన కనుబొమలు ఒకసారి పైకీ కిందకీ ఆడించి చూసుకుంది.

వాళ్లమ్మ మొహం మాత్రం ముడుచుకుంది. ఆమెని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నల్లపిల్లని పెంచుతూ చుట్టాల పెళ్లిళ్లలో ఆమె పడ్డ మాటలు నేను పడలేదు. తెల్లగా వేయమనడం ఆ మాటల నుంచి బిడ్డని ఒక్క సాయంత్రం కాపాడుకోవాలన్న ఆశ. దానికి నా నాట్యశాస్త్రం ఏం సమాధానం చెబుతుంది?

నాటకం బాగానే జరిగింది. స్తంభం థర్మోకోల్‌ది, పగలాల్సిన దానికంటే ముందే పగిలింది. పద్యానికి చప్పట్లు పడ్డాయి. తాత లేచి నిలబడ్డాడు. అయిపోయాక వాళ్లమ్మ పాపని పక్కన నిలబెట్టుకుని సెల్ఫీ తీసుకుని, నాకు చూపించింది. “చూడన్నా, మంచిగొచ్చింది.” ఫొటోలో పాప మొహం రెండు మెట్లు తెల్లబడి ఉంది. ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఎప్పటి నుంచి ఆన్‌లో ఉందో ఆమెకే తెలియదు. నేను వేయనన్న పూతని ఎవరూ అడగకుండానే కెమెరా వేసేసింది.

ఆ పూత వెనక కోడ్ ఉంది. ఏ రంగుని ‘బాగుచేయాలో’ ఎవరో ఒక ఆఫీసులో కూర్చుని నంబర్లలో రాసి ఉంటారు. నాలాంటివాళ్లే. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో నాతోపాటు బెంచీ మీద కూర్చుని సీ లాంగ్వేజ్ నేర్చుకున్నవాళ్లు కూడా అయి ఉండొచ్చు. లైక్నర్ నంబర్లు కర్రల మీద ఉండేవి, మా నంబర్లు కనపడవు, అంతే తేడా.

ఆమె ఫోన్ తీసుకుని ఆ సెట్టింగ్ ఎక్కడుందో చూపించాను. ఆఫ్ చేయమని మాత్రం అనలేదు. పాపే వేలు పెట్టి ఆఫ్ చేసి, కనుబొమలు కణతల దాకా లేపి, ఇంకో ఫొటో దిగింది.